ఎర్రయ్యమ్మ ఎదురు

అనగనగా ఒక దారి. ఆ దారికి ఒక పొయ్యి. ఆ పొయ్యికి ఒక మనిషి. ఆమె పేరు ఎర్రయ్యమ్మ.

సముద్రం ఒడ్డున పండిన ఉప్పు, బండ్లెక్కి కొండలకు పోయే దారి అది. ఎర్రయ్యమ్మ మొగుడు కూడా ఆ బండ్లవాడే. జ్వరమొచ్చి పోయాడు. పోయినవాడు బాగానే పోయాడు. బొట్టూ గాజులూ తీసేసి ఈమెను మాత్రం మరిది ఇంట్లో తిరగలి ముందు కూర్చోబెట్టారు. ఊరంతటి పిండీ ఆమే విసరాలి, మిగిలింది ఆమే తినాలి.

ఒకనాడు ఆమె తిరగలి ఆపింది.

"దారి పక్కన పొయ్యి పెడతాను మరిదీ. బండ్లవాళ్లకి కూడు వండి అమ్ముకుంటాను."

మరిది నవ్వాడు. "పొద్దున్నే నీ మొహం చూసి ఎవడు తింటాడే వదినా? సరే, తొలకరి దాకా చూస్తాను. అప్పటికి నీ పొయ్యి నిలబడకపోతే నోరు మూసుకుని వచ్చి తిరగలి పట్టు. మళ్లీ గడప దాటనంటూ ఒట్టెయ్యాలి."

ఎర్రయ్యమ్మ ఒట్టేసింది. వాగు పక్కన పాక వేసింది.

మొదటి రోజు తెల్లారకముందే వేడన్నం, చింతపండు పులుసు చేసింది. బండ్లొచ్చాయి. ముందున్న గవరయ్య ఆమె బోడి నుదురు చూశాడు. ఎద్దుల్ని పక్కకి తిప్పాడు. విధవ ఎదురైతే పని చెడుతుందని గట్టి దారి వదిలి, వాగు ఇసుకలోంచి చుట్టు తిరిగి పోయారు. అన్నం మిగిలిపోయింది. పారబోయడానికి మనసు రాలేదు. గంజీ నీళ్లూ పోసి కుండకి మూత పెట్టింది.

"వండటం నా వంతు. తినడం దారి వంతు," అనుకుంది.

రెండో రోజు ఇంకో ఉపాయం చేసింది. తాటాకు తడిక ఒకటి అల్లి, దాని వెనక దాక్కుంది. అన్నం కుండ ఒక్కటే దారి పక్కన పెట్టింది. మొహం కనిపించకపోతే తింటారు గదా అని. బండ్లొచ్చాయి. మనిషి లేదు, అన్నం ఉంది.

"ఒరే, ఎవరో దిగదుడుపు పెట్టారురా. తొక్కకండి," అని అరిచాడు గవరయ్య. ఎద్దుల తోకలు మెలిపెట్టి పరుగు తీయించారు. తడిక వెనక ఎర్రయ్యమ్మ ఏడవబోయి నవ్వింది. మనిషి కనిపిస్తే అపశకునం, కనిపించకపోతే దెయ్యం. మధ్యలో అన్నం మాత్రం అన్నమే. మళ్లీ గంజీ నీళ్లూ పోసింది.

"వండటం నా వంతు. తినడం దారి వంతు."

మూడో రోజు కాలం కాని కాలంలో వాన పడింది. కట్టెలు తడిసిపోయాయి, పొయ్యి అంటుకోలేదు. పాకలో ఉన్నది రెండు రోజుల మిగులన్నం గంజినీళ్లలో పులిసిన తరవాణి కుండ ఒక్కటే. ఇక తిరగలే గతి అనుకుంది.

బండ్లొచ్చాయి. ఎప్పటిలాగే ఆమెను చూసి వాగులోకి తిరిగాయి. ఈసారి వాగులో ఇసుక లేదు, బురద ఉంది. గవరయ్య బండి ఇరుసు దాకా దిగబడింది. తోశారు, తిట్టారు, మొక్కారు. వాన వెలిసి ఎండెక్కింది. మనుషులూ ఎద్దులూ నోళ్లు తెరిచారు.

ఎర్రయ్యమ్మ గట్టు మీద నిలబడి అడిగింది. "బాబూ, ఎదురు రమ్మంటారా, చుట్టు తిరిగి రమ్మంటారా?"

గవరయ్య తల దించుకుని అక్కని పిలిచినట్టు పిలిచాడు. "ఎలాగైనా రా అప్పా."

ఆమె ఎదురుగానే వచ్చింది. దాక్కున్న తడికనే తెచ్చి చక్రం కింద పరిచింది. బండి గట్టెక్కింది. తరవాణిలో ఉప్పు కలిపి ఉల్లిపాయ చిదిమి అందరికీ పోసింది. ఒక్కొక్కడూ దోసిలి పట్టి తాగాడు. కడుపు చల్లబడింది.

"రేపేటి పెడతావప్పా?"

"వేడన్నం."

"ఎండలో వేడన్నమేటి? ఇదే పెట్టు. ఎంతున్నా తాగుతాం."

తొలకరికి మరిది వచ్చాడు. పొయ్యి చుట్టూ బండ్లు. కూర్చోడానికి చోటు లేదు.

"తిరగలి ఖాళీగా ఉంది వదినా."

"నీకూ రెండు చేతులున్నాయిగా మరిదీ. ముందు ఈ తరవాణి తాగు, విసరడానికి సత్తువొస్తుంది."

అక్కడితో అంతా పచ్చగా ఉందనుకోకండి. ఒక ఏడు ఎద్దులకు రోగమొచ్చి బండ్లే కదల్లేదు. ఒక ఏడు వాగు పొంగి పాకను పట్టుకుపోయింది. చలికాలం వచ్చేసరికి, చల్లది వద్దు వేడిదే కావాలన్నారు ఆ బండ్లవాళ్లే. వ్యాపారం ఎప్పుడు ఏ పక్కకి తిరుగుతుందో ఎర్రయ్యమ్మకి చచ్చేదాకా తెలియలేదు. పొయ్యి మాత్రం ఆర్పలేదు. పాక కొట్టుకుపోయిన ఏడు కొత్త పాకకి తాటాకు మోసుకొచ్చినవాడు గవరయ్యే.

ఆమె పోయిన రోజు బండ్లన్నీ ఆగాయి. ఆమె కళ్ల ముందు నుంచి తప్పుకున్నవాళ్లంతా ఆమె పాడె వెనక నడిచారు.

ఇప్పటికీ ఆ దారిలో ఎవరైనా లెక్క తప్పి నాలుగు మెతుకులు సంపాదిస్తే, "వేడిది వండితే చల్లది అమ్ముడైంది, ఎర్రయ్యమ్మ చలవ," అంటారు. కొత్తగా కొట్టు తెరిచేవాళ్లు ముందు మొగుడు పోయిన ఒకామె ఇంటికి వెళ్లి, "ఎదురు రా అప్పా," అని పిలుస్తారు. మొదటి దోసిలి తరవాణి ఆమెకే.

ఆమెకి ఇంట్లో పనుండి ఆలస్యమైతే?

ఆమె వచ్చేదాకా కొట్టు తలుపు తియ్యకుండా కూర్చుంటారు. ముహూర్తం దాటిపోయినా సరే.