సూదమ్మ వేసిన కంచె

చిన్న కథే పిల్లలూ, అన్నం ఉడికేలోపు అయిపోతుంది. అనగనగా ఒక అడవిలో, అడవంటే పెద్ద చెట్లనుకోకండి, రాళ్లూ ఇసుకా మధ్యలో ఒక చెలమ, అంతే. ఆ చెలమ దగ్గర ఒక కౌజుపిట్ట ఉండేది. నేల మీద గుడ్లు పెట్టి, ఎవరు తొక్కారని అడవంతా తిరిగి అడిగేది. దాని సంగతి మొదలుపెడితే అన్నం మాడిపోతుంది. మన కథ ముళ్లపంది సూదమ్మది.

సూదమ్మ ఆస్తి రెండు. ఒకటి అమ్మమ్మ తవ్విన బొరియ. రెండోది కోపం.

బొరియ ముందు ఒక నాగజెముడు మొలిచింది. ఒకదాని నెత్తిన ఒకటి మందపాటి పచ్చని మట్టలు, వాటి నిండా ముళ్లు. మండుటెండలోనూ నిగనిగలాడేది.

"ఈ అడవిలో ముళ్లు నాకే ఉండాలి. నీకెవరిచ్చారు?" అంది సూదమ్మ.

"నేను లోపల నీళ్లు దాచుకున్నాను. ముళ్లు లేకపోతే నువ్వే కొరికి తాగేసేదానివి" అంది నాగజెముడు.

మొదట ముల్లు సూదమ్మ ముక్కులో దిగింది. తర్వాత ఎర్రటి పండు తింటే, దాని నూగు నాలుకంతా గుచ్చుకుంది. ఆపైన కౌజుపిట్ట వచ్చి, "వదినా, ఇది మీ చెల్లెలా? పోలికలున్నాయి" అంది.

సూదమ్మ పళ్లు నూరింది. "దీన్ని ముక్కలు చేస్తాను."

కుందేలు చెవులయ్య మెల్లగా అన్నాడు. "వద్దక్కా. ముక్క పడిన చోటల్లా వేరు పెడుతుంది. పక్కనుంచి నడువు."

"నా వాకిట్లో నేను పక్కనుంచి నడవాలా? ఆకు కదిలితే పారిపోయేవాడివి, నువ్వా నాకు చెప్పేది?"

సూదమ్మ మట్టలు కొరికి బొరియ చుట్టూ విసిరేసింది.

"ఇంకొంచెం దూరం విసురు" అంది నాగజెముడు.

వానలు పడ్డాయి. ప్రతి మట్టా వేరు పెట్టింది. సూదమ్మ మళ్లీ కొరికింది. కోపం పెరిగింది కాబట్టి ఈసారి ముక్కలూ ఎక్కువే చేసింది. అవీ లేచాయి. ఎండాకాలానికి బొరియ చుట్టూ జెముడు గోడ కట్టినట్టయింది. బయటికి వస్తే ఆమె ముళ్లూ దాని ముళ్లూ చిక్కుపడేవి. చెలమకు పోయి రావడానికి పొద్దంతా పట్టేది. చివరికి సూదమ్మ అమ్మమ్మ బొరియ వదిలేసి, జెముడును తిట్టుకుంటూ గుట్ట అవతలికి వెళ్లిపోయింది.

చెవులయ్య కింది సందులోంచి దూరి, పెళ్లాం పిల్లలతో ఆ బొరియలో చేరాడు. నక్క వచ్చింది. ముక్కు గుచ్చుకుంది. వెళ్లిపోయింది. చుట్టూ కంచె ఉన్న ఇల్లు ఆ అడవిలో కుందేలుకొక్కడికే ఉంది.

నీతి: కోపంతో విసిరిన ముక్క మన వాకిట్లోనే వేరు పెడుతుంది.