గంగిరాజు గారి బీరపాదు

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ లాకుల పక్కన, ఒక పిల్లల తోట ఉండేది. పెద్దవాళ్ళది కాదు కన్నా, అచ్చంగా పిల్లలదే. బడి వదలగానే వచ్చి తవ్వేది వాళ్ళే, నాటేది వాళ్ళే, కాయలు కోసేదీ వాళ్ళే. పెద్దవాళ్ళు నలుగురు సంఘంగా ఏర్పడి, తోట మంచిచెడ్డలు చూసుకునేవాళ్ళు.

అందులో తూర్పు మడి సువర్చలది. తొమ్మిదేళ్ళ పిల్ల. మేడమీద ఒంటిగది ఇల్లు వాళ్ళది, తులసికుండీ పెట్టుకోవడానికి కూడా చోటు లేదు. అందుకని ఆ మడంటే దానికి ప్రాణం.

ఒక ఆదివారం సంఘంలోకి ముగ్గురు కొత్తవాళ్ళు వచ్చారు. ఒకరు బట్టలు కుట్టే అలివేలు. ఒకరు మందులషాపు సన్యాసిరావు. మూడో ఆయన ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు గంగిరాజు. ఆయన వచ్చీరాగానే తోటంతా అడుగులేసి కొలిచాడు. కొలిచి, "ఎన్నాళ్ళండీ ఇలా ఎండలో మీటింగులు? ఈ తూర్పు మడి చదును చేసి హాలు కట్టేద్దాం. ఇటుక, సిమెంటు నావే," అన్నాడు.

పక్కనే కలుపు తీస్తున్న సువర్చల వచ్చి మడికి అడ్డంగా నిలబడింది.

పాతవాళ్ళు నలుగురిలో ఇద్దరు కడదామన్నారు, ఇద్దరు వద్దన్నారు. అలివేలేమో, "పిల్లల మడి మీద హాలేవిటండీ, చోద్యం కాకపోతే!" అంది. సన్యాసిరావు ఎటూ చెప్పకుండా కళ్ళజోడు తుడుచుకున్నాడు.

అప్పుడు సంఘం పెద్ద మహలక్ష్మమ్మ గారు, "ఆగండాగండి. మన తోటకో కట్టుబాటుంది. కొత్తవాళ్ళు తలో గింజా నాటాలి. అది మొలిచాకే సంఘంలో చెయ్యెత్తాలి. వచ్చే ఆదివారం తేల్చుకుందాం," అంది.

ముగ్గురికీ తలో బీరగింజ ఇచ్చారు. అలివేలు కంచె దగ్గర నాటింది. సన్యాసిరావు నూతి పక్కన నాటాడు. గంగిరాజు, "ఎలాగూ తవ్వేసే చోటేగా," అని నవ్వి, తూర్పు మడి నడిమధ్యన బొటనవేలితో గుచ్చేశాడు.

ఆ వారం నీళ్ళ వంతు ఎవరిదో తెలుసా? సువర్చలదే! గింజకి రోజుకో చెంబు. అదీ లెక్క.

గంగిరాజు గింజ దగ్గరికి వచ్చేసరికి దాని చెయ్యి వెనక్కి లాగేది. పొయ్యకపోతే ఎవరు చూడొచ్చారు? మూడుసార్లు చెంబు కింద పెట్టేసింది. మూడుసార్లూ మళ్ళీ తీసుకుంది. నాటినవాడి మీద కోపం గింజ మీద చూపిస్తే ఎలా? పళ్ళు కొరుక్కుంటూ ఒక్క చెంబు పోసేది, చుక్క ఎక్కువ కాదు.

అలివేలు గింజకి మాత్రం మూడు చెంబులు. పొద్దున్నే ఒకటి, బడి వదలగానే ఒకటి, ఇంటికెళ్ళే ముందు ఒకటి. "తొందరగా లే తల్లీ," అని బతిమాలేది. పిచ్చిపిల్ల!

మూడోనాడు సన్యాసిరావు గింజని ఉడుత తవ్వుకుని తినేసింది. అయిదోనాడు గంగిరాజు గింజ మట్టిని తోసుకొచ్చి రెండాకులు విప్పింది. అలివేలు గింజ మాత్రం ఉలకదు, పలకదు. సువర్చల కాలుకాలిన పిల్లిలా దాని చుట్టూ తిరిగింది.

ఆ తర్వాత, శనివారం, ఇక ఉండబట్టలేక వేలితో మట్టి కదిపి చూసింది. గింజ మెత్తగా కుళ్ళిపోయి వేలికి అంటుకుంది. అతి అయితే అమృతమైనా విషమేనని ఊరికే అన్నారా? అలివేలు చెయ్యెత్తే దారి తనే మూసేసింది. అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆదివారం రానే వచ్చింది. అందరూ తూర్పు మడి చుట్టూ నిలబడ్డారు. పాతవాళ్ళు అటిద్దరు, ఇటిద్దరు. ఇక తేల్చాల్సింది గంగిరాజు చెయ్యే.

"నా గింజకేమైందో పాపం," అంది అలివేలు.

దాక్కుంటే సరిపోయేది. కానీ సువర్చల ముందుకొచ్చింది. "నేనే పిన్నీ. మీది తొందరగా మొలవాలని మూడేసి చెంబులు పోశాను. కుళ్ళిపోయింది," అంది.

"మరి నా దానికో?" అన్నాడు గంగిరాజు.

"మీకు ఒక్కటే. మీరంటే నాకు కోపం. అయినా ఒక్కరోజు కూడా మానలేదు."

గంగిరాజు మొహం ఎర్రబడింది. హాలు కడదామని చెయ్యెత్తబోయి, తన మొక్క గుర్తొచ్చి ఆగాడు. "దీన్ని తీసి కంచె దగ్గర పెడితే సరి," అన్నాడు.

"వేరు కదిపితే బీరపాదు బతకదండీ," అంది సువర్చల.

అప్పుడాయన వంగి చూశాడు. ఊళ్ళో ఎన్ని మేడలు లేపాడో! కానీ తను పెట్టింది తనంతట తనే లేవడం ఎప్పుడూ చూడలేదు. ఒక ఆకు కొసన గింజతొక్క ఇంకా టోపీలా వేలాడుతోంది. ఆయన అలా చూస్తూనే ఉన్నాడు. ఎత్తబోయిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"దీనికివాళ నీళ్ళు పోశావా?" అన్నాడు.

"లేదండీ. నా వంతు నిన్నటితో అయిపోయింది," అని సువర్చల చెంబు ఆయన చేతికిచ్చింది. "ఒక్కటే పొయ్యండి. చుక్క ఎక్కువ వద్దు."

ఆ తర్వాత గంగిరాజు ఇటుక తేలేదు, సిమెంటు తేలేదు. వెదురుగడలు తెచ్చి తూర్పు మడి మీద పందిరేశాడు. బీరపాదు దాని మీదికి పాకి చల్లగా నీడ పరిచింది. ఇప్పుడు మీటింగులన్నీ దాని కిందే! బీరకాయలు నెత్తికి తగులుతుంటే తప్పుకుంటూ, సువర్చలని అడిగి మరీ కూర్చుంటారు.

పాదేమో పందిరికి,
కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
నిద్దరేమో కంటికి.