తేదీ లేని పత్రిక

నూకల యజ్ఞనారాయణగారికి ఒక అలవాటు ఉండేది. జూనియర్లు చట్టం గురించి అడిగితే సెక్షను నంబరుతో సహా అక్కడికక్కడే చెప్పేవారు. వృత్తి గురించి అడిగితే మాత్రం సమాధానం చెప్పేవారు కాదు. తన పాత కేసుల్లోంచి ఏదో ఒకటి చెప్పి ఊరుకునేవారు. దాని అర్థమేమిటని అడిగితే విసుక్కునేవారు. హైదరాబాదులో పేటెంట్ కేసులంటే మొదట ఆయన పేరే వినిపించే రోజులవి. నేనూ, కుంచం వసుమతీ ఆయన దగ్గర జూనియర్లం.

వసుమతి ఇంజనీరింగ్ చదివి, ఆపైన లా చేసి, ఆరేళ్లుగా ఆ ఛాంబరులోనే ఉంది. ఆ రోజుల్లో రెండు సెల్‌ఫోన్ కంపెనీల తగాదా ఒకటి మా మెడకు చుట్టుకుంది. యాంటెన్నా ఫోను అంచును 'ఆనుకొని' ఉంటుందని పేటెంటులో రాశారు. ఆనుకొని అంటే తాకుతూనా, తాకకుండా పక్కనా? ఆ ఒక్క మాట మీద మూడేళ్లు గడిచాయి. ఒక నిపుణుడు తన చేతిసంచీని కోర్టు బల్లకు ఆనించి, "ఇదిగో, ఆనుకొని అంటే ఇది" అని చూపించాడు. అవతలి లాయరు వచ్చి ఆ సంచీని అంగుళం పక్కకు జరిపి, "మరి ఇప్పుడో?" అన్నాడు. జడ్జిగారు ఇద్దరినీ చూసి, లేచి భోజనానికి వెళ్లిపోయారు. మళ్లీ వాయిదా.

ఎట్టకేలకు మేం వాదిస్తున్న కంపెనీ ఇంజనీరు సాక్ష్యం చెప్పే రోజు దగ్గరపడింది. అతను ఎప్పుడో రాసిన ఈమెయిలు ఒకటి మాకు ఇబ్బందిగా ఉంది. దాని గురించి అడిగితే "గుర్తులేదు" అనిపించమని కంపెనీవారు పట్టుబట్టారు. వసుమతి మధ్యాహ్నమంతా అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. అతను ప్రతిసారీ, "గుర్తులేదండీ... అంటే, ఆ రోజు శుక్రవారం" అని మొదలుపెట్టేవాడు. పదకొండోసారికి గాని శుక్రవారం ఊసు మానలేదు. అతన్ని పంపించేసి ఆమె సీనియరుగారి గదిలోకి వచ్చింది. నేను అక్కడే కాగితాలు సర్దుతున్నాను.

"సార్, ఈ పనిలో పైకి రావడమంటే ఏమిటి?" అంది, కూర్చోకుండానే. "చదివిన చదువంతా ఒక మాటకు అర్థం చెప్పడానికే సరిపోయింది. ఇవాళ ఒక మనిషికి తెలిసిన సంగతిని తెలియదనడం నేర్పాను. బాగానే నేర్పాను కూడా. ఇంకా పైకి వెళ్తే ఏం నేర్పాలి సార్?"

యజ్ఞనారాయణగారు చేతిలో ఉన్న కాగితం పక్కన పెట్టారు.

"తాళ్లూరి జకరయ్య అని ఒకాయన ఉండేవాడమ్మా," అన్నారు.

జకరయ్యది ఒంగోలు దగ్గర పల్లె. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, కుషాయిగూడలో రేకుల షెడ్డు వేసుకుని, ఆరుగురు పనివాళ్లతో చిన్న చిన్న సర్క్యూట్లు తయారుచేసేవాడు. ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ వేడెక్కకుండా, కరెంటును ఆపి ఆపి పంపే పద్ధతి ఒకటి కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. కొన్నేళ్లకు ఒక పెద్ద ఫోన్ల కంపెనీ అదే పద్ధతి వాడుతోందని తెలిసి దావా వేశాడు. కంపెనీ తరఫున యజ్ఞనారాయణగారు దిగారు. అప్పటికి ఆయనకు ఇంత పేరు లేదు. ఆ కేసు గెలిస్తే వస్తుందని ఆయనకు తెలుసు.

ఒక సంగతి లోకానికి ముందే తెలిసిపోయి ఉంటే దాని మీద పేటెంటు నిలవదు. తెలియజేసినవాడు పేటెంటుదారే అయినా సరే. అందుకని ఆయన పాత పుస్తకాల కోసం వేట మొదలుపెట్టారు. జకరయ్య చదువుకున్న కాలేజీ లైబ్రరీలో, చెదలు పట్టిన బీరువా అడుగున ఒక పాత పత్రిక దొరికింది. అందులో అచ్చం ఆ సర్క్యూటే, చేత్తో గీసిన బొమ్మతో సహా, ఎమర్జెన్సీ దీపం కోసమని రాసిన వ్యాసంలో ఉంది. కాని పత్రికకు అట్ట లేదు. తేదీ లేదు. వ్యాసం కింద పేరు లేదు. దాన్ని అచ్చువేసిన ప్రెస్సు మూతపడింది. ఇంకో ప్రతి కోసం నాలుగు నెలలు తిరిగారు. ప్రతి ఆఫీసులోనూ ఇంకో ఆఫీసుకు వెళ్లమన్నారు. విసిగిపోయి, ఉన్నదాన్నే పట్టుకుని కోర్టుకు వెళ్లారు.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో దాన్ని ఎత్తి చూపించి, "దీన్ని ఇదివరకు చూశారా?" అని అడిగారు. జకరయ్య లాయరు వెంటనే లేచాడు. తేదీ లేని చిత్తుకాగితాన్ని సాక్ష్యంగా ఎలా తీసుకుంటారన్నాడు. అతను అన్నది న్యాయమే. జడ్జిగారు కూడా దాన్ని పక్కన పెట్టించడానికి సిద్ధమయ్యారు. ఇంకొక్క నిమిషం గడిస్తే ఆ పత్రిక సంగతి అక్కడితో అయిపోయేది.

ఆలోగా బోనులోంచి జకరయ్య, "ఒక్కసారి ఇలా ఇప్పిస్తారా అండీ?" అని చెయ్యి చాపాడు.

చేతికిచ్చారు. ఆయన పేజీలు తిప్పాడు. బొమ్మ దగ్గర ఆగాడు. ఆ ముఖంలో వచ్చిన వెలుగు చూస్తే, చాలాకాలానికి పాత స్నేహితుణ్ణి కలిశాడనుకుంటారు.

"ఇది మా కాలేజీ పత్రికండీ. ఈ బొమ్మ నేనే గీశాను. రెండువేల రెండు, మార్చి నెల. మా సుందరరావు మాస్టారు దగ్గరుండి రాయించారు. నేను దీని సంగతే మర్చిపోయాను."

అంటే పేటెంటుకు దరఖాస్తు పెట్టడానికి నాలుగేళ్ల ముందు. ఆయన లాయరు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయాడు. జడ్జిగారు కలం కింద పెట్టి, "మీరు చెబుతున్నదానికి ఫలితమేమిటో మీకు తెలుసా?" అన్నారు.

"తెలుసండి. ముందే ఎక్కడైనా అచ్చయి ఉంటే పేటెంటు పోతుందని మా లాయరుగారు నిన్ననే చెప్పారు."

"మరి?"

"వారు అడిగారు కదండీ," అన్నాడు జకరయ్య, యజ్ఞనారాయణగారి వైపు చూపిస్తూ.

నెల తిరక్కుండా తీర్పు వచ్చింది. పేటెంటు రద్దయింది. కుషాయిగూడ షెడ్డు ఆ ఏడాదే మూతపడింది. జకరయ్య ఇంటింటికీ తిరిగి ఇన్వర్టర్లు బాగుచేసుకుంటూ బతికాడు. యజ్ఞనారాయణగారికి మాత్రం ఆ పత్రికతో పేరు వచ్చింది. చెదల బీరువాలోంచి సాక్ష్యం లాగిన లాయరని కంపెనీలు వెతుక్కుంటూ రాసాగాయి.

ఇక్కడిదాకా చెప్పి ఆయన ఆగారు. అయిపోయిందనుకున్నాం. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆయన గొంతులో చిరాకు ఉంది. అది మా మీద కాదు.

"తీర్పు రోజున కోర్టు వరండాలో నా దగ్గరికి వచ్చాడమ్మా. తిట్టడానికనుకున్నాను. తిడితే బాగుండేది. నమస్కారం పెట్టి, 'అయ్యా, ఆ పత్రిక ఒకసారి ఇప్పిస్తే జిరాక్సు తీసుకుంటానండి. మా మాస్టారు పోయారు. నా దగ్గర ఆయన గుర్తు ఒక్కటీ లేదు' అన్నాడు. ఇప్పించడం పెద్ద పనేమీ కాదు. నకలు నా ఫైల్లోనే ఉంది. నా చంకలోనే ఉంది. నేనేమన్నానో తెలుసా? 'అది కోర్టు ఆధీనంలో ఉంది. అప్పీలు గడువు దాటాక దరఖాస్తు పెట్టుకోవాలి' అన్నాను. సెక్షను నంబరు కూడా చెప్పాను."

"ఆయనేమన్నారు?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"'అలాగేనండి' అన్నాడు. ఆ నంబరు చేతిమీద రాసుకున్నాడు."

ఆ తరవాత వారం రోజులకు నకలు పట్టుకుని కుషాయిగూడ వెళ్లారట. షెడ్డుకు తాళం వేసి ఉంది. పక్కవాళ్లను అడిగితే ఊరు వెళ్లాడన్నారు. ఏ ఊరో ఎవరూ చెప్పలేదు. ఆచూకీ కోసం కంపెనీకి, కోర్టుకు, ఒంగోలుకు ఉత్తరాలు రాశారు. చాలా ఏళ్లకు, ఇన్వర్టర్ల పని చేసే జకరయ్య ఒకడు చీరాలలో ఉన్నాడని ఎవరో చెబితే వెళ్లారు. అప్పటికి ఆరు నెలల ముందే ఆయన పోయాడు. భార్య తలుపు తీసి, నకలు తీసుకుని, బొమ్మ చూసి, "మా ఆయన గీతే" అందట.

వసుమతి ముఖంలో విసుగు తగ్గలేదు. ఇంకా పెరిగినట్టే కనిపించింది.

"మొత్తానికి ఆ కేసు మీరు గెలిచారన్నమాట," అంది.

"తీర్పులో అలాగే రాసి ఉందమ్మా," అన్నారు యజ్ఞనారాయణగారు.