కరకట్ట మీద కాగిన పాలు

ఇటు జరుగు తల్లీ. ఆ టీవీలో అరుపులు కట్టేశాలే. వానని మనం ఆపలేం, దాని పని దాన్ని చేసుకోనీ. కాళ్ళు చల్లగా ఉన్నాయి, దుప్పట్లోకి లాక్కో. ఆఁ, ఇప్పుడు విను.

అనగనగా కృష్ణ ఒడ్డున, ఏటికీ కరకట్టకీ మధ్యన, ఒక లంక ఊరు. కరకట్ట అంటే ఏటి పొడుగునా పోసిన ఎత్తైన మట్టిగట్టు. వరదొస్తే ఊరంతా దాని మీదికే ఎక్కేది. ఆ ఊళ్ళో రెండే వీధులు. తూర్పు వీధి, పడమటి వీధి.

ముందు ఆ రెండు వీధులూ బాగానే ఉండేవి. అప్పుడు పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ఈ వీధి ఒక జెండా పట్టుకుంది, ఆ వీధి ఇంకో జెండా పట్టుకుంది. మైకుల్లో తిట్టుకున్నారు. ఆ తర్వాత కొట్టుకున్నారు. ఆ తర్వాత అంతకన్నా పాడుపని చేశారు, మాట్లాడుకోవడమే మానేశారు. ఈ వీధి మనిషి ఆ వీధి గడప తొక్కితే వెలివేస్తామని పెద్దలు కట్టడి పెట్టారు.

తూర్పు వీధికి పెద్ద వీరరాఘవులు. పడమటి వీధికి పెద్ద పేరయ్య. ఏటి ఇసుక మీద ఇద్దరికీ కన్నే. ఈయన జెండా గెలిస్తే ఈయన ట్రాక్టర్లు ఏట్లోకి దిగేవి, ఆయన జెండా గెలిస్తే ఆయనవి. తవ్వి తవ్వి ఏటిని గుంటలు చేశారు. ఒడ్డు ముక్కలు ముక్కలుగా విరిగి నీళ్ళలో పడుతుండేది. తప్పెవరిదంటావా? ఇద్దరిదీనమ్మా.

వీరరాఘవులికి నాంచారమ్మ అని ఒక వదిన ఉండేది. మొగుడు పోయాడు. ఒక గేదె ఉంది. రోజూ పొద్దు వాలే వేళకి పాలు పితికి, కాచి, ఆరబెట్టి, చిటికెన వేలు ముంచి చూసేది. గోరువెచ్చగా తగిలిందా, చెంచాడు పెరుగు తోడేసి మూత పెట్టేది. వీధిలో మైకులు మోగినా అంతే, రాళ్ళు పడినా అంతే.

"ఊరు తగలబడిపోతుంటే నీకు పెరుగు గొడవేంటి వదినా?" అని మరిది విసుక్కునేవాడు.

"రేపు పిల్లలు అన్నంలో ఏం కలుపుకుంటారయ్యా?" అనేది ఆవిడ.

ఆ ఏడు వానలు విడవకుండా కురిశాయి. పైన ఆనకట్ట గేట్లెత్తారు. ఏరు పొంగి ఊళ్ళోకొచ్చింది. జనం పిల్లల్నీ, గొడ్లనీ, బియ్యం మూటల్నీ పట్టుకుని కరకట్ట ఎక్కారు. నాంచారమ్మ ఒక చేత్తో గేదె పలుపు, ఇంకో చేత్తో నెత్తిన పెరుగు గిన్నె పట్టుకుని ఎక్కింది.

కట్ట మీద కూడా జనం కలవలేదు. నడిమధ్యన రెండు గుంజలు పాతి అడ్డంగా తాడు కట్టారు. అటు పడమటి వీధి, ఇటు తూర్పు వీధి. ఒక పక్క వరద, ఇంకో పక్క వాన నీళ్ళలో మునిగిన పొలాలు. దారులన్నీ తెగిపోయాయి. పడవ వస్తుందన్నారు, రాలేదు.

మొదట తాడుకి అటూ ఇటూ మాటలు లేచాయి. "మీరు ఇసుక తవ్వబట్టే ఒడ్డు తెగింది!" "మీరు తవ్వలేదూ?" ఆ తర్వాత మట్టిబెడ్డలు లేచాయి. ఆ తర్వాత కర్రలు, గడ్డపారలు చేతుల్లోకొచ్చాయి.

అప్పుడే పేరయ్య కూతురికి విరేచనాలు పట్టుకున్నాయి. నీకంటే చిన్నది. ఏం తాగించినా నిలవడం లేదు. పేరయ్య తల్లి సామ్రాజ్యం ఖాళీ గ్లాసు పట్టుకుని తాడు దగ్గరికొచ్చి నిలబడింది. ఒకప్పుడు ఆవిడా నాంచారమ్మా ఒకే రేవులో బట్టలుతుక్కున్నవాళ్ళు. ఇప్పుడు నోరు తెరిచి అడగలేదు. గ్లాసుతో ఊరికే నిలబడింది.

నాంచారమ్మ చూసింది. కాచి చల్లార్చిన నీళ్ళు పోసి మజ్జిగ పల్చగా చిలికింది, ఉప్పేసింది. చెంబు పట్టుకుని తాడు కిందనుంచి దూరబోయింది.

"వదినా! దాటావంటే వెలే!" అని అరిచాడు వీరరాఘవులు.

"ఎక్కడికి వెలేస్తావు రాఘవులూ? నీళ్ళలోకా?" అందావిడ. దూరి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున మళ్ళీ వెళ్ళింది. పసిదానికి మజ్జిగ కాస్త నిలిచింది, కళ్ళు తెరిచింది. సామ్రాజ్యం అప్పుడు నోరు విప్పింది. "వదినా, మా గిన్నెలన్నీ ఏట్లో పోయాయి. తోడు కూడా లేదు. పిల్లలందరూ ఇట్టాగే అయిపోతున్నారు." నాంచారమ్మ తలూపి వచ్చేసింది.

ఆ సాయంత్రం కట్ట మీద గేదెలన్నిట్నీ పితికించి, పెద్ద తపేలా నిండా పాలు కాచింది. సరిగ్గా అప్పుడే పడమటి కొసన కట్ట అంచున ఒక మట్టిపెళ్ళ విరిగి ధభీమని నీళ్ళలో పడింది. "మీరు తవ్వబట్టే!" అంటూ పేరయ్య మనుషులు కర్రలు పట్టుకుని తాడు దగ్గరికి ఉరికారు. వీరరాఘవులు మనుషులు ఎదురొచ్చారు. కట్ట చూస్తే బండి పట్టేంత వెడల్పు. ఒకడు ఒకణ్ణి తోశాడంటే ఇద్దరూ వరదలోనే. ఆడవాళ్ళు పిల్లల్ని పొట్టకి కరుచుకున్నారు.

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు. "జరగండి, జరగండి! కాగిన పాలు! మీద పడితే బొబ్బలెక్కుతాయి!"

చిన్నప్పట్నుంచీ వాళ్ళమ్మలు చెప్తుంటే విన్న మాటే కదా! కర్రలు ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే పక్కకి జరిగారు. నాంచారమ్మ పమిట కొంగుతో తపేలా పట్టుకుని నడిమధ్యకొచ్చింది.

"పేరయ్యా, చెయ్యి కాలుతోంది, ఇటు అంచు పట్టుకో. రాఘవులూ, నువ్వు అటు. చూస్తారేం, ఒలికిపోతాయి!"

ఇద్దరూ కర్రలు పడేసి, తువ్వాళ్ళతో చెరో అంచూ పట్టుకున్నారు. ఒకరి మొహం ఒకరికి జానెడు దూరం.

"కదలకండి. గోరువెచ్చన కావాలి. వేడి మీద వేస్తే తోడుకోదు," అంది నాంచారమ్మ.

కట్టంతా ఊరకుండిపోయింది. పాల మీద ఆవిరి లేస్తోంది. గేదెలు నెమరేస్తున్నాయి. అప్పుడు, ఆ నిశ్శబ్దంలో, వినపడింది. బుడబుడ... బుడబుడ...

"ఏంటా చప్పుడు?" అన్నాడు వీరరాఘవులు.

పేరయ్య మొహం పాలిపోయింది. "బుంగ! కట్టకి బుంగ పడింది!"

బుంగ అంటే గట్టు పొట్టలో బొక్కమ్మా. ఏటి నీళ్ళు ఒక పక్క దూరి ఇంకో పక్కకి పొంగుతున్నాయి. పొద్దున్నుంచీ కారుతోందో ఏమో, అరుపుల్లో ఎవరికీ వినపడలేదు. అది పెద్దదైతే కట్టా ఉండదు, కట్ట మీద మనుషులూ ఉండరు.

తపేలా సామ్రాజ్యం చేతికిచ్చి పరుగెత్తారు. ఏటి వైపు దిగి బొక్క ఎక్కడుందో వెతకాలి. పేరయ్య ఈతగాడు. మధ్యన కట్టిన తాడు విప్పి నడుముకి చుట్టుకున్నాడు. రెండో కొస ఎవరు పట్టాలి? అందరికన్నా బలమైనవాడు వీరరాఘవులే.

పేరయ్య ఒక్క క్షణం ఆయన కళ్ళలోకి చూశాడు. ఆ తర్వాత దూకేశాడు.

వరద తాడుని లాగింది. వీరరాఘవులు మడమలు బురదలో దిగబడ్డాయి. అరచేతుల్లో చర్మం లేచిపోయింది. సామ్రాజ్యం ఆ చేతుల వైపే చూస్తోంది. వదిలేస్తే అడిగేవాడు లేడు, వరద ఖాతాలో పోతుంది. ఆయన వదల్లేదు. పళ్ళు బిగించి తాడుని మోచేతికి చుట్టుకున్నాడు.

"ఇదిగో, దొరికింది!" అని కింద నుంచి కేక.

అప్పుడు రెండు వీధులూ వరస కట్టాయి. వరిగడ్డి మోపులు, మట్టి మూటలు, చిరిగిన పరుపులు, ఆఖరికి బియ్యం బస్తాలు కూడా చేతులు మారి కిందికి పోయాయి. బుంగ మూసుకుంది. పేరయ్యని పైకి లాగారు. ఇద్దరూ బురదలో పక్కపక్కన కూలబడి రొప్పారు.

ఈ హడావిడిలో సామ్రాజ్యం వేలు ముంచి చూసి, నాంచారమ్మ గిన్నెలోంచి తోడు తీసి పాలల్లో వేసింది. చీర కొంగు కప్పి కాపలా కూర్చుంది. తెల్లారేసరికి పెరుగు చిక్కగా తోడుకుంది. రెండు వీధుల పిల్లలూ గంజన్నంలో కలుపుకుని తిన్నారు. పేరయ్య కూతురు రెండోసారి పెట్టమంది. ఆ తర్వాత వరద తీసింది. ఇళ్ళు చాలావరకు పడిపోయాయి. జనం బురద ఎత్తిపోసుకుని, మళ్ళీ గోడలు పెట్టుకున్నారు.

ఏమన్నావూ? అందరూ స్నేహితులైపోయారా అనా? లేదు తల్లీ. మళ్ళీ ఎన్నికలొచ్చాయి, మళ్ళీ జెండాలు కట్టారు, మళ్ళీ మైకులూ మోగాయి.

కానీ ఎండాకాలం రాగానే ఎక్కడివాళ్ళో ట్రాక్టర్లేసుకుని ఇసుకకి వచ్చారు. ఆ బుంగ చప్పుడు ఇంకా చెవుల్లో ఉందేమో, పేరయ్య పోయి రేవు దారికి అడ్డంగా కూర్చున్నాడు. కాసేపటికి వీరరాఘవులు వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. ఇంజన్లు గర్జించాయి. డ్రైవర్లు బెదిరించారు. ఎండ నెత్తి మీదికొచ్చింది. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడలేదు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. లేవనూ లేదు.

ట్రాక్టర్లే వెనక్కి తిరిగాయి.

కథ నడిచింది కంచికి,
వాన మళ్ళింది ఏటికి,
కునుకు వచ్చింది కంటికి,
మనం చేరాం ఇంటికి.