పేడ లేని బందెలదొడ్డి

బోడిగుట్ట కింద పశువులన్నీ కలిసి ఒక బందెలదొడ్డి కట్టుకున్నాయి. మంద కరువుకని దాచుకున్న చేలో ఎవరు దొంగతనంగా మేసినా ఏడు రోజులు ఆ ముళ్లకంచె లోపలే. కావలి మాత్రం నక్కకిచ్చాయి. గడ్డి తినని జాతి గనక గడ్డి కాజేయదని వాటి నమ్మకం.

కాటుక అనే బర్రె జొన్నచేలో దొరికిపోయింది. బుకాయించలేదు. "ఆకలేసింది, మేశాను. ఏడు రోజులు వేయండి," అంది. వేశారు.

లోపల ఇంకో శిక్ష ఉందని రెండో రోజుకే దానికి తెలిసొచ్చింది. అది ఏ పంచాయతీ వేసింది కాదు, నక్క వేసింది. మేత లేదు. తొట్టిలో నీళ్లు అడుగంటాయి. పొద్దున్నే కంచె అవతల దూడ అరిచేది. నెల పిల్ల. ఆ అరుపుకి కాటుక పొదుగు సలిపేది. ముట్టెకి ముళ్లు గుచ్చుకునేదాకా వెళ్లి నిలబడేది. నక్క దూడను గుట్ట అవతలికి తరిమేది. అరుపు సన్నబడి, ఆగిపోయాక కూడా కాటుక అటే చూస్తుండేది. మూడో రోజు పొదుగులో సలుపు కూడా తగ్గింది. అప్పుడు భయమేసింది దానికి.

"నక్కబావా, బిడ్డను కంచె దాకా రానియ్యి. రెండు గుక్కలు తాగి పోతుంది."

"ఇది దొడ్డి కాటుకమ్మా, నీ పుట్టిల్లు కాదు."

"మేతైనా పెట్టు. పాలు ఎండిపోతున్నాయి."

"నెమరేసే జాతివి గదా. మేసిన జొన్నే నెమరేసుకో."

నక్క వెళ్లాక, లోపలున్న మిగతా పది పశువుల్లో మూలనున్న ముసలి గాడిద నవ్వింది. "నువ్వు నయం తల్లీ, నీకు ఏడు రోజులని చెప్పారు. నన్ను విచారిస్తామని పట్టుకొచ్చి రెండు పంటలైంది. కంచె ఆకులు కొరికి బతుకుతున్నా. నేనేం తప్పు చేశానో నేనే మర్చిపోయా."

"మంద పంపే మేత ఏమవుతోంది?"

"గుట్ట మీది మేకలకు పంచుతాడు. అవి 'దొరా' అంటాయి. ఆ పిలుపంటే వాడికి ప్రాణం."

కాటుక దొడ్డి నేలను మూలమూలా చూసింది.

మర్నాడు మందకు పెద్దయిన ముసలి ఎద్దు లింగన్న దొడ్డి చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. నక్క పరుగున లోపలికి వచ్చింది. "మేత సంగతి ఎవరైనా ఎత్తారో, ఆయన పోయాక ఇక్కడ ఉండేది నేనే. గుర్తుంచుకోండి."

"మేమెందుకు ఎత్తుతాం దొరా," అంది కాటుక. "ఇంత శుభ్రమైన దొడ్డి ఎవరుంచగలరు? ఎక్కడా పేడ జాడే లేదు. పెద్దాయనకు మూలమూలా తిప్పి చూపించు."

నక్క తోక దానంతట అదే లేచింది.

లింగన్న వచ్చాడు. వెనకే మంద వచ్చింది. నక్క ముందు నడుస్తూ మొదలుపెట్టింది. "పదకొండు పశువులు తాతా. వేళకు మేత, వేళకు నీళ్లు. అయినా నేల చూడండి, అద్దం."

"రోజూ ఎవరు ఎత్తిపోస్తారు?"

"ఎత్తే పనే లేదు తాతా. నేను కావలికొచ్చాక ఇక్కడ పేడే పడదు."

లింగన్న నేలను వాసన చూశాడు. పశువుల డొక్కల వైపు చూశాడు. "వేళకు తిన్న పదకొండు పశువులు పేడ వేయలేదంటే, అవి దేవతలైనా అయ్యుండాలి, నువ్వు అబద్ధాలకోరువైనా అయ్యుండాలి. ఎముకలు తేలిన దేవతలను నేనెక్కడా చూళ్లేదు."

లేచిన నక్క తోక కిందికి దిగింది.

మందలోంచి ఒక కోడె గొణిగింది. "అయితే ఏమైంది తాతా, దొంగలేగా."

"దొంగనే," అంది కాటుక. "జొన్న మేసినందుకు ఏడు రోజులు వేశారు, ఉంటాను. ఆకలి ఎవరు వేశారు? ఏ పంచాయతీలో వేశారు? నా దూడకు శిక్ష వేసిందెవరు? దానికింకా జొన్న కొరికే పళ్లే రాలేదు."

కోడె మంద వెనక్కి జరిగింది.

లింగన్న గాడిదను అక్కడికక్కడే విచారించాడు. దాని మీద ఫిర్యాదు చేసినవాడే తేలకపోవడంతో వదిలేశాడు. నక్కను కావలి నుంచి తీసేయలేదు. "మేత నువ్వే నోటితో పీకి తేవాలి, పేడ నువ్వే ఎత్తాలి. రోజూ వచ్చి చూస్తాను. ఎంత పేడ పడితే అంత పని చేసినట్టు," అన్నాడు. ముక్కు మూసుకునే వీల్లేక తంటాలు పడుతున్న నక్కను చూసి, గుట్ట మీది మేకలు 'దొరా' అనడం మానేశాయి.

కాటుకకు ఇంకా మూడు రోజులు మిగిలాయి. దూడ తల పట్టేంత సందు కంచెలో తీయించాడు లింగన్న. దూడ ఉరికొచ్చి తల దూర్చింది. మొదట పాలు రాలేదు. అది వదల్లేదు, కుమ్మి కుమ్మి చీకింది. కాసేపటికి సన్నగా దిగాయి. బిడ్డ వీపు నాకాలని కాటుక మెడ తిప్పింది గానీ, వీపంతా కంచె అవతలే ఉంది. అందిన చెవినే నాకుతూ నిలబడింది.

నీతి: తప్పుకు తీర్పు వేసినంతే శిక్ష, అంతకు మించి పెట్టే ఒక్క పూట ఆకలైనా కావలివాడి నేరమే.