సీసాకి వినపడకూడని మాట

పుల్లాచారికి తన తెలివికి దిష్టి తగులుతుందని మహా భయం. అందుకే పొద్దున్నే లేచి తన తలకి తనే ఉప్పు దిష్టి తీసుకునేవాడు. తమ్ముడు ఈశ్వరాచారి అంతకంటే తెలివైనవాడు. అన్న ఏదంటే అదే అనేవాడు.

వాళ్ళ మేనమామ వీరభద్రాచారికి ఇత్తడి సామాన్ల కార్ఖానా ఉంది. కొత్త దీపపు కుందులకి నల్లటి పాతరంగు ఎక్కించడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. ఒకరోజు ఊరెళ్తూ పుల్లాచారి ముందు గాజుసీసా పెట్టాడు.

“ఒరేయ్, ఇది ఆంటిమొనీ క్లోరైడు, కుందులకి నలుపెక్కించే మందు. పేరుకున్న నెయ్యిలా ఉంది కదా అని వేలు పెట్టేవు, చర్మం కాలిపోతుంది. దీని దగ్గర తడి అన్నమాటే వినపడకూడదు. పొగొస్తే కిటికీలు తెరవండి. కళ్ళు మండితే నీళ్ళతో కడగండి. నేనొచ్చేసరికి సీసా ఇలాగే నిండుగా ఉంటే, నా పనిపీట నీదే.”

ఆ పీట మీద కూర్చున్నవాడే అక్కడ పెద్దమేస్త్రి. పదేళ్ళుగా కొలిమి తిత్తి ఊదుతున్న పుల్లాచారికి ఆనందంతో కళ్ళు తిరిగాయి.

మామ అటు వెళ్ళాడో లేదో, ఈశ్వరాచారి అడిగాడు. “అన్నా, తడి అంటే...”

“నోర్ముయ్! విందంటే నా పీట పోతుంది!”

అంతే. సీసాకి ఏమీ వినపడకుండా కంబళి చుట్టారు. అప్పటికీ నమ్మకం చాలక, బుసబుసమనే తిత్తి చప్పుడులో ఏ మాటా వినపడదని కొలిమి పక్కనే పెట్టారు. ఆ వేడికి గడ్డగా ఉన్న మందు కాస్తా కరిగింది.

కంబళి విప్పి చూసి పుల్లాచారి గుండెలు బాదుకున్నాడు. “వినేసిందిరా! ఏడ్చి ఏడ్చి నీరైపోయింది!”

“ఓదారుద్దాం అన్నా,” అని తమ్ముడు మూత తీశాడు. ఇంకేముంది, గాలిలో చెమ్మ తగిలి తెల్లటి పొగ లేచింది. కిటికీలు తెరవాలి కదా! కార్ఖానా రేకుల షెడ్డు, దానికి కిటికీలే లేవు. ఇద్దరూ పక్కింటి సూరమ్మత్త ఇంటికి పరుగెత్తి ఆరు కిటికీలూ తెరిచొచ్చారు. పొగ మాత్రం షెడ్డులోనే ఉంది.

కళ్ళు భగ్గున మండాయి. బిందెడు నీళ్ళతో కడుక్కున్నారు. పుల్లాచారికి సీసా మీద జాలేసింది. “పాపం, పొద్దుట్నుంచీ ఏడుస్తోంది. దీని కళ్ళెంత మండుతున్నాయో!” అంటూ మిగిలిన నీళ్ళు అందులో గుమ్మరించాడు. మందు పాలలా తెల్లబడి, పొగ నాలుగింతలై ఇద్దర్నీ గుమ్మం బయటికి తరిమింది.

సరిగ్గా అప్పుడే మామ దిగాడు.

“నిండుగా ఉంది మామా! పొర్లుతోంది కూడా!” అన్నాడు పుల్లాచారి దగ్గుతూనే.

“దూరంగా నడవండిరా! నేను ఆగమనేదాకా ఆగొద్దు!” అని అరిచాడు మామ. ఆ అరుపుతో గుక్కెడు పొగ మింగాడు. అంతే, గొంతు పడిపోయింది.

పుల్లాచారి చటుక్కున లోపలికి దూకి, గెలుచుకున్న పీట నెత్తిన పెట్టుకున్నాడు. తమ్ముణ్ణి వెంటేసుకుని బయల్దేరాడు. వెనకాల మామ చేతులూపుతూ గంతులేస్తుంటే, దీవిస్తున్నాడనుకుని ఇద్దరూ మురిసిపోయారు.

నాలుగో రోజుకి మామకి గొంతు పెగిలింది. అప్పుడే ఫోను మోగింది.

“మామా, ఇంకా ఆగమనలేదేం? ఎదురుగా సముద్రం వచ్చింది. దిగితే పీటకి...” పుల్లాచారి గొంతు తగ్గించాడు. “ఇక్కడ ఆ మాట అనొచ్చా?”