కాలికి చుట్టుకున్న పొర

మంత్రసాని ఓబులమ్మను ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. విన్నట్టే ఉంటుంది, తన పని తాను చేసుకుంటుంది. ఆమె దగ్గర పని నేర్చుకునే చెంగమ్మ ఒకరోజు ఇలా అడిగింది: "అమ్మా, బిడ్డ చేతో కాలో సరిగా లేకుండా పుడితే, ఎవరి పాపమని చెప్పాల?" ఓబులమ్మ వేడినీళ్ళలో కత్తెర వేసి మూత పెట్టింది. అంతే.

నెల తిరక్కుండానే తిరుపాలమ్మ కోడలు సుంకులమ్మకు నొప్పులొచ్చాయి. ఆడపిల్ల పుట్టింది. కెవ్వుమని ఏడ్చింది. కానీ ఎడమచేతి మూడు వేళ్ళు సగానికే ఆగిపోయి ఉన్నాయి. నుదుటి పైన తలలో ఏటవాలుగా ఒక నొక్కు. కుడికాలి మడమ పైన దారంతో బిగించి కట్టినట్టు లోతైన గాడి. దాని కింద పాదం ఉబ్బి, నేరేడుపండు రంగుకు తిరిగింది.

తిరుపాలమ్మ గుండెలు బాదుకుంది. "గ్రహణం పూట కత్తిపీట ముట్టొద్దంటే ఇనిందా? ఇప్పుడు చూడండి!"

"కోస్తి అత్తా, ఒక్క వంకాయే కోస్తి," అని సుంకులమ్మ గోడవైపు తిరిగిపోయింది. బిడ్డకు పాలివ్వడానికి కూడా చేతులు చాపలేదు.

బిడ్డ వెనక పడే మావిని ఎవరి కంటా పడకుండా కొత్త కుండలో పెట్టి, పసుపు చల్లి, పెరట్లో పూడ్చడం ఆ ఇళ్ళ ఆచారం. చెంగమ్మ అప్పటికే కుండ చంకనెత్తుకుని పార అందుకుంది.

"ఆగవే! ఆ కుండ ఇట్లా తే," అని ఓబులమ్మ కేక వేసింది.

తెల్ల పింగాణీ బేసిన్‌లో నీళ్ళు పోసి, మావిని అందులో మెల్లగా విప్పింది. బిడ్డ ఉమ్మనీటిలో మునిగి ఉన్న సంచి తడిసిన పల్చటి బట్టలాగా తేలింది. లోపలి పొర ఒకచోట చినిగిపోయి ఉంది. చినిగిన అంచు నుంచి సన్నటి తెల్లటి పోగులు నీళ్ళలో ఊగుతున్నాయి. చెంగమ్మ బిడ్డ కాలి గాడిలోకి వంగి చూసింది. అక్కడ కూడా ఒక పోగు అతుక్కుని ఉంది, అదే తెలుపు, అదే తడి!

"అమ్మా! ఇదే! ఇక్కడా ఇదే ఉండాది! తిరుపాలత్తా, నువ్వూ చూడు!" చెంగమ్మ గొంతు ఇల్లంతా మోగింది.

"కత్తిపీట కడుపులోకి పోలేదు తిరుపాలమ్మా," అంది ఓబులమ్మ. "లోపల ఈ పోగులే వేళ్ళకూ కాలికీ చుట్టుకుని బిగిసినాయి. ఈ పాదం చల్లబడతా ఉంది. ఇప్పుడే పెద్దాసుపత్రికి పోవాల."

"పురిటి బిడ్డ పదకొండు రోజులు గడప దాటకూడదు కదా."

"పదకొండో రోజుకు ఈ పాదం ఉండదు."

తిరుపాలమ్మ వేలిని నీళ్ళలో పెట్టి ఒక పోగును పైకి తీసింది. దాన్ని చూసింది, బిడ్డ కాలును చూసింది. మరుక్షణం చెప్పులైనా తొడుక్కోకుండా రోడ్డు మీదికి పరుగెత్తి, వెళ్ళే ఆటోకు అడ్డం నిలబడింది!

సాయంత్రానికి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ బయటికొచ్చింది. బిగింపు సడలించామని, పాదంలోకి రక్తం పారుతోందని చెప్పింది. వేళ్ళు మళ్ళీ రావని, తల సంగతి ఇంకా చూడాలని కూడా చెప్పింది. తిరుపాలమ్మకు మొదటి మాటే వినపడింది. లోపల బాలింత మంచం దగ్గరికి పోయి ఆ పాదాన్ని అరచేతిలో పెట్టుకుని, "వెచ్చగుంది! సుంకులూ, వెచ్చగుందే!" అని ఏడుస్తూ నవ్వింది. సుంకులమ్మ బిడ్డ కోసం రెండు చేతులూ చాపింది.

వరండాలో చెంగమ్మకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు. "అంతా తెలిసిపోయిందమ్మా! ఇంతకీ ఆ పొర ఎందుకు చినిగింది?"

"నాకు తెలీదు."

"నీకు తెలీకపోవడమేందమ్మా?"

ఓబులమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నీ వయసులో నాకూ అంతా తెలుసు," అంది. "ఎవరి పాపమో ఇద్దరు తల్లులకు చెప్పినాను కూడా."